సగం సంతకాలతో ప్రయాణించే లావాదేవీ

ఒక బిట్‌కాయిన్ నిధికి మూడు కీలు ఉన్నాయనుకుందాం. వాటిలో ఏ రెండు సంతకాలు పడినా డబ్బు కదులుతుంది. ఒక కీ ఆఫీసు బల్ల మీది హార్డ్‌వేర్ వాలెట్‌లో ఉంది. రెండోది మరో ఊళ్లో, ఇంటర్నెట్ ముఖం చూడని లాప్‌టాప్‌లో ఉంది. మూడోది బ్యాంకు లాకర్‌లో ఉంది. మొదటి సంతకం పడినప్పటి నుంచి రెండోది పడేదాకా ఆ లావాదేవీ ఏ రూపంలో ఉండాలి? బిట్‌కాయిన్ ప్రోటోకాల్ దీనికి జవాబు చెప్పదు. నెట్‌వర్క్‌కు తెలిసింది పూర్తయిన లావాదేవీ ఒక్కటే. ఒక్క సంతకం తక్కువైనా అది చెల్లదు, అంతే. ఆ మధ్యకాలానికి ఒక ఫైల్ అమరిక కావాలని వాలెట్లు రాసేవాళ్లు చాలాకాలం వెతుకులాడారు. చివరికి అందరూ ఒప్పుకున్నది పీఎస్‌బీటీ, అంటే పార్షియల్లీ సైన్డ్ బిట్‌కాయిన్ ట్రాన్సాక్షన్.

పైకి చూస్తే ఇది సంతకాలు పోగుచేసే పనిలా ఉంటుంది. అసలు చిక్కు వేరే చోట ఉందని నా నమ్మకం. సంతకం పెట్టే పరికరం దగ్గర కీ తప్ప దాదాపు మరేమీ ఉండదు. బ్లాక్‌చైన్ ప్రతి ఉండదు, ఖాతాలో ఎంతుందో తెలియదు, బయట కనుక్కుందామంటే ఇంటర్నెట్ ఉండదు. ముందుకొచ్చిన ఫైలే దాని లోకం. ఆ ఫైల్ ఇచ్చిన కంప్యూటర్‌లో వైరస్ ఉండొచ్చు. అలాంటప్పుడు "ఇది తేడాగా ఉంది, సంతకం పెట్టను" అని పరికరం తనంతట తాను అనగలగాలంటే దాని చేతికి ఏ సాక్ష్యం ఇవ్వాలి? ఈ అమరిక చరిత్రలోని ముఖ్యమైన నిర్ణయాలనూ, తర్వాత వేసిన అతుకులనూ ఈ ప్రశ్న పట్టుకుని చూస్తేనే అర్థమవుతాయి.

పీఎస్‌బీటీకి ముందు ప్రయత్నాలు జరగలేదని కాదు. ఆర్మరీ వాలెట్ రాసిన అలన్ రీనర్ 2011లోనే బిప్ (బిట్‌కాయిన్ ఇంప్రూవ్‌మెంట్ ప్రపోజల్) 10 పేరుతో, చాలామంది సంతకాలు కావాల్సిన లావాదేవీని చేతులు మార్చే పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. అది నిలబడలేదు. ఎలక్ట్రమ్ వాలెట్ తన సొంత రూపం వాడుకుంది. హార్డ్‌వేర్ వాలెట్ కంపెనీలు ఎవరి భాష వాళ్లు మాట్లాడాయి. బిట్‌కాయిన్ కోర్ అయితే ముడి లావాదేవీనే అటూ ఇటూ పంపించేది. సంతకం పడాల్సిన చోట ఖాళీలు వదిలి, వచ్చిన సంతకాలను వాటిలో ఇరికించేది. ఏ సంతకం ఏ కీదో అందులో ఎక్కడా రాసి ఉండదు. రెండు ప్రతులను కలపాలంటే ప్రతి సంతకాన్నీ ప్రతి కీతో సరిచూసుకుంటూ పోవాలి. ఖర్చుపెడుతున్న మొత్తమెంత, ఖర్చు షరతులు చెప్పే స్క్రిప్ట్ ఏమిటి అన్న సమాచారం లావాదేవీతోపాటు వెళ్లేది కాదు, విడిగా చేత్తో అందించాల్సి వచ్చేది. ఒకే కంపెనీ పరికరాలు వాడితే ఎలాగో నడిచిపోయేది. కానీ ఒక తయారీదారు లోపం మొత్తం నిధిని ముంచకూడదనే కదా కీలను వేర్వేరు పరికరాల్లో పెట్టుకునేది! ఆ భద్రత కోరుకున్నవాళ్లకే ఈ అమరికలు అడ్డుపడ్డాయి.

2017 జూలైలో బిట్‌కాయిన్ కోర్ డెవలపర్ ఆవా చౌ బిప్ 174ను ముందుకు తెచ్చారు. 2018 అక్టోబరులో విడుదలైన కోర్ 0.17లో అది వాడుకలోకి వచ్చింది. సమయమూ కలిసొచ్చింది. 2017 ఆగస్టులో సెగ్‌విట్ అనే ప్రోటోకాల్ మార్పు అమల్లోకి రావడంతో వాలెట్లన్నీ ఎలాగూ తమ సంతకాల కోడ్‌ను తిరగరాసుకోవాల్సి వచ్చింది.

ఫైల్‌ను బైటు బైటుగా విప్పి చూస్తే ఈ అమరికలోని ఆలోచన తెలుస్తుంది. మొదటి నాలుగు బైట్లు పీ, ఎస్, బీ, టీ అనే ఇంగ్లీషు చిన్న అక్షరాలు. అయిదో బైటు విలువ 255. ఆ అయిదో బైటు అలంకారానికి పెట్టింది కాదు. మామూలు లావాదేవీలు చదివే ప్రోగ్రామ్ పొరపాటున ఈ ఫైల్‌ను తెరిస్తే అక్కడే తడబడి ఆగిపోవాలన్నది ఉద్దేశం. సగం సంతకాల కాగితాన్ని ఎవరూ పూర్తి కాగితంగా పొరబడకూడదు. ఇదే ఫైల్‌ను అక్షరాల రూపంలోకి, అంటే బేస్64లోకి మారిస్తే ఇంగ్లీషులో 'సీహెచ్ఎన్ఐడీపీ8' అనే వరసతో మొదలవుతుంది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఆ వరస కంటపడగానే ఇది పీఎస్‌బీటీ అని పోల్చేస్తారు.

ఆ తర్వాత వచ్చేవన్నీ కీ, విలువ అనే జంటలే (ఇక్కడ కీ అంటే విలువను గుర్తించే పేరు, సంతకం పెట్టే కీ కాదు). లావాదేవీ మొత్తానికి ఒక పట్టిక, ఒక్కో ఇన్‌పుట్‌కు ఒకటి, ఒక్కో అవుట్‌పుట్‌కు ఒకటి. ప్రతి పట్టిక చివరా ఒక సున్నా బైటు ఉంటుంది. చదివే ప్రోగ్రామ్‌కు అది 'పొడవు సున్నా అయిన కీ'లా కనిపిస్తుంది. అలాంటి కీ నిజంగా ఎప్పుడూ ఉండదు కాబట్టి పట్టిక ముగిసిందని తేలిపోతుంది. విడిగా ముగింపు గుర్తు కనిపెట్టాల్సిన పని లేకపోయింది. ఈ పొదుపు నాకు చాలా నచ్చుతుంది. హార్డ్‌వేర్ వాలెట్ లోపలి చిన్న చిప్‌లో ఈ ఫైల్‌ను చదివే కోడ్ ఎంత పొట్టిగా ఉంటే దాడికి అంత తక్కువ చోటు దొరుకుతుంది.

సంతకం కూడా ఒక జంటే. ఫలానా పబ్లిక్ కీ, దాని సంతకం ఇది. దీంతో ఏ సంతకం ఎవరిదన్న పాత తికమక పోయింది. ఒకే పట్టికలో ఒకే కీ రెండుసార్లు రాకూడదు. తనకు తెలియని రకం జంట కనిపిస్తే వాలెట్ దాన్ని పారేయకుండా అలాగే ముందుకు పంపాలి. ఈ రెండు నియమాల వల్ల ప్రతులను కలపడం చాలా తేలికైంది. ఒకే ఫైల్‌ను ఇద్దరికి ఒకేసారి పంపి, వాళ్లు విడివిడిగా సంతకాలు పెట్టి తిప్పి పంపితే, రెండు ప్రతుల్లోని జంటలన్నీ ఒకచోట చేర్చితే సరిపోతుంది. ఎవరిది ముందొచ్చింది, ఎవరిది వెనకొచ్చింది అన్న పట్టింపు లేదు. కలిపే ప్రోగ్రామ్‌కు బిట్‌కాయిన్ స్క్రిప్ట్ అర్థం కావాల్సిన అవసరం కూడా లేదు.

పనిని బిప్ 174 ఆరు పాత్రలుగా విడగొట్టింది. క్రియేటర్ లావాదేవీని మొదలుపెడతాడు, అప్‌డేటర్ తనకు తెలిసిన సమాచారం చేరుస్తాడు, సైనర్ సంతకం పెడతాడు, కంబైనర్ ప్రతులను కలుపుతాడు, ఫైనలైజర్ సంతకాలను స్క్రిప్ట్ కోరే వరసలో పేరుస్తాడు, ఎక్స్‌ట్రాక్టర్ పూర్తయిన లావాదేవీని బయటకు తీస్తాడు. ఒకే వాలెట్ ఈ ఆరూ చేయొచ్చు. అయినా ఈ విభజన విలువైంది. ఎందుకంటే సంతకం పెట్టేవాడి బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఇది గీత గీసి చెప్పింది.

ఇక చర్చ మొత్తంలోకీ నాకు ముఖ్యమనిపించే ఘట్టానికి వస్తాను. బిట్‌కాయిన్ లావాదేవీలో ఫీజు ఎంతో ఎక్కడా రాసి ఉండదు. లోపలికి వచ్చిన మొత్తంలోంచి బయటికి వెళ్లే మొత్తం తీసేస్తే మిగిలేదే ఫీజు. బయటికి వెళ్లేది లావాదేవీలో కనిపిస్తుంది. లోపలికి వచ్చింది కనిపించదు. ఇన్‌పుట్‌లో ఉండేది ఫలానా పాత లావాదేవీలోని ఇన్నో అవుట్‌పుట్ అన్న సూచన మాత్రమే. అందులో ఎంత ఉందో తెలియాలంటే ఆ పాత లావాదేవీని చూడాలి. మన దగ్గర స్థలం కొనేటప్పుడు అమ్మేవాడి దస్తావేజు ఒక్కటే చూసి ఎవరూ సంతకం పెట్టరు, లింకు డాక్యుమెంట్లు తెమ్మంటారు. హార్డ్‌వేర్ వాలెట్ కూడా అలాగే పాత లావాదేవీ మొత్తాన్ని అడుగుతుంది. దాన్ని తానే హాష్ చేసి, ఇన్‌పుట్‌లోని సూచనతో సరిపోయిందో లేదో చూసుకుంటుంది. సరిపోతే అందులో రాసి ఉన్న మొత్తం నిజం. కంప్యూటర్‌ను నమ్మాల్సిన పని లేదు. పీఎస్‌బీటీలో దీనికి ఒక గడి ఉంది.

ఇబ్బంది బరువుతో వచ్చింది. ఎక్స్ఛేంజీ ఒకేసారి వందల మందికి చెల్లించిన లావాదేవీలోంచి మీకు డబ్బు వచ్చిందనుకోండి. ఆ ఒక్క ఇన్‌పుట్ కోసం పాత లావాదేవీ మొత్తాన్ని మోయాలి. సెగ్‌విట్ ఈ బరువు దించుతానంది. కొత్త పద్ధతిలో ప్రతి ఇన్‌పుట్ సంతకం ఆ ఇన్‌పుట్ మొత్తానికి కూడా కట్టుబడి ఉంటుంది. కంప్యూటర్ అబద్ధపు మొత్తం చెబితే సంతకం చెల్లకుండా పోతుంది కాబట్టి నష్టం లేదని భావించారు. అందుకే బిప్ 174 సెగ్‌విట్ ఇన్‌పుట్లకు మొత్తమూ స్క్రిప్టూ ఉన్న చిన్న గడి చాలంది.

ఆ లెక్కలో ఒక సందు ఉంది. మీ దగ్గర పదేసి బిట్‌కాయిన్ల ఇన్‌పుట్లు రెండున్నాయి. వైరస్ ఉన్న కంప్యూటర్ 10.99 బిట్‌కాయిన్ల అవుట్‌పుట్లతో లావాదేవీ తయారుచేసి, మొదటి ఇన్‌పుట్‌లో 10, రెండోదాంట్లో 1 ఉన్నాయని పరికరానికి చెబుతుంది. ఫీజు 0.01 అని తెరపై కనిపిస్తుంది. మీరు ఒప్పుకుంటారు. మొదటి ఇన్‌పుట్ సంతకం చెల్లుతుంది, రెండోది చెల్లదు. కంప్యూటర్ ఏదో ఎర్రర్ వచ్చిందని చూపించి మళ్లీ ప్రయత్నించమంటుంది. ఈసారి మొదటిదాంట్లో 1, రెండోదాంట్లో 10 అని చెబుతుంది. ఫీజు మళ్లీ 0.01 అనే కనిపిస్తుంది. మీరు మళ్లీ ఒప్పుకుంటారు. ఇప్పుడు రెండో ఇన్‌పుట్‌కు చెల్లే సంతకం వచ్చింది. మొదటిసారి దొరికిన ఒక మంచి సంతకాన్నీ, రెండోసారి దొరికిన ఇంకో మంచి సంతకాన్నీ కలిపితే పూర్తి లావాదేవీ సిద్ధం. అందులో అసలు ఫీజు 9.01 బిట్‌కాయిన్లు. భద్రతా పరిశోధకుడు సలీం రషీద్ ఈ లోపాన్ని తయారీదారుల దృష్టికి తెచ్చారు. 2020 జూన్‌లో హార్డ్‌వేర్ వాలెట్ తయారీదారు ట్రెజర్ దీన్ని బయటపెట్టి, సెగ్‌విట్ ఇన్‌పుట్లకు కూడా పాత లావాదేవీ మొత్తం కావాల్సిందేనని నియమం మార్చింది. పాత లావాదేవీని పంపని వాలెట్లతో కొన్ని చోట్ల పొత్తు తెగిపోయింది. తర్వాత బిప్ 174 కూడా రెండు గడులూ పక్కపక్కనే ఉండొచ్చని సవరించుకుంది.

ఆ సంతకాల్లో ఏదీ దొంగది కాదన్నది ఇక్కడ గమనించాలి. వాటిని పెట్టిన కీ భద్రంగానే ఉంది, గణితంలోనూ తప్పు లేదు. పరికరానికి అందిన సాక్ష్యం చాలలేదు, అంతే. 2021 నవంబరులో అమల్లోకి వచ్చిన టాప్‌రూట్ అనే ప్రోటోకాల్ మార్పులో ప్రతి సంతకమూ అన్ని ఇన్‌పుట్ల మొత్తాలకూ కట్టుబడేలా మార్చారు. ఆ మార్పుతో టాప్‌రూట్ ఇన్‌పుట్లకు ఈ లింకు డాక్యుమెంట్ల బరువు నిజంగానే దిగింది. వాటి కోసం కొత్త గడులను బిప్ 371 చేర్చింది.

ఫీజు తర్వాత చిల్లర. వంద రూపాయల నోటిచ్చి అరవై రూపాయల సరుకు కొంటే నలభై తిరిగొచ్చినట్టే, బిట్‌కాయిన్‌లోనూ మిగిలిన మొత్తం మన సొంత అడ్రసుకే ఒక అవుట్‌పుట్‌గా తిరిగొస్తుంది. హార్డ్‌వేర్ వాలెట్ దాన్ని చెల్లింపుగా చూపించకూడదు, దాచేయాలి. అంటే అది మన చిల్లరేనని దానికి రుజువు కావాలి. పీఎస్‌బీటీ ఇక్కడ ఆ కీ ఏ మూల కీ నుంచి, ఏ దారిలో పుట్టిందో చెబుతుంది. నాలుగు బైట్ల గుర్తు, దాని వెనక దారి తాలూకు అంకెలు. పరికరం తన కీతో అదే దారిలో నడిచి, అదే అడ్రస్ వస్తే ఒప్పుకుంటుంది. ఒకే కీ ఉన్న వాలెట్‌కు ఇది దాదాపు సరిపోతుంది. ముగ్గురి కీలతో నడిచే వాలెట్‌లో చాలదు. నా కీ అందులో ఉన్నంత మాత్రాన మిగతా ఇద్దరూ నా భాగస్వాములే అని తేలదు. దొంగ తన కీలు రెండు పెట్టి, నాది ఒకటి చేర్చి, ఇదీ మీ చిల్లర అడ్రసేనని చెప్పగలడు. అందుకే పరికరం వాలెట్ పూర్తి విధానాన్ని ముందే నమోదు చేసుకుని గుర్తుపెట్టుకోవాలన్న పద్ధతి వచ్చింది. బిప్ 388 చెప్పేది అదే. ఫైల్ ఎంత సమాచారమైనా మోయొచ్చు, 'వీళ్లు నా వాళ్లు' అన్న నమ్మకం మాత్రం ఫైల్ బయటి నుంచి రావాలి. ఈ సంగతి వాలెట్ల సహాయ పుటల్లో పెద్దక్షరాల్లో ఉండాలని నా కోరిక. నమోదు మెట్టును విసుగుతో దాటేసే వాడుకరులు ఎక్కువ.

ఫైల్‌ను చేతులు మార్చే దారుల గురించి కొంచెం. కోల్డ్‌కార్డ్ లాంటి పరికరాలు మైక్రోఎస్‌డీ కార్డు మీద పీఎస్‌బీటీ ఫైల్ తీసుకుని అదే కార్డు మీద తిరిగిస్తాయి, కంప్యూటర్‌కు తీగ తగిలించే పనే లేదు. కెమెరా ఉన్న పరికరాలు క్యూఆర్ కోడ్ చదువుతాయి. ఒక క్యూఆర్‌లో పట్టేది మహా అయితే 2,953 బైట్లు. పాత లావాదేవీలన్నీ మోసే ఫైల్ అందులో ఇమడదు కనుక వరసగా మారే క్యూఆర్ బొమ్మలు వాడుకలోకి వచ్చాయి. గోప్యత గురించి ఒక హెచ్చరిక ఉంది. సంతకం పూర్తికాని పీఎస్‌బీటీతో డబ్బు పోదు గానీ, అందులోని పబ్లిక్ కీలు, దారులు మీ వాలెట్ నిర్మాణాన్ని బయటపెడతాయి. సందేహం తీర్చుకోవడానికి దాన్ని ఎవరికి పడితే వాళ్లకు పంపకూడదు.

ఇప్పటిదాకా చెప్పిన పీఎస్‌బీటీకి, అంటే సున్నా వెర్షన్‌కు, ఒక మౌలిక పరిమితి ఉంది. అది సంతకం లేని లావాదేవీ మొత్తాన్ని మొదట్లోనే ముద్దగా పెట్టేస్తుంది. కాబట్టి ఇన్‌పుట్లూ అవుట్‌పుట్లూ మొదటి నిమిషంలోనే ఖాయమైపోతాయి. ఇద్దరు కలిసి ఒకే లావాదేవీ కట్టే పేజాయిన్, పదిమంది కలిసే కాయిన్‌జాయిన్ లాంటి వాటికి ఇది ఇరుకు. 2021లో ఆవా చౌ తెచ్చిన బిప్ 370 ఆ ముద్దను పగలగొట్టింది. ఏ పాత లావాదేవీ, ఎన్నో అవుట్‌పుట్, ఎంత మొత్తం, ఏ స్క్రిప్ట్ అన్నవన్నీ ఆయా పట్టికల్లోకే వచ్చాయి. కన్‌స్ట్రక్టర్ అనే ఏడో పాత్ర పుట్టింది. ఇంకా ఇన్‌పుట్లు చేర్చొచ్చా, అవుట్‌పుట్లు చేర్చొచ్చా అని చెప్పే ఒక గుర్తూ వచ్చింది. ఒకరు సంతకం పెట్టాక, ఆ సంతకం దేనికి కట్టుబడిందో దాన్ని బట్టి ఆ తలుపులు మూసేయాలి. ఈ వెర్షన్‌కు 1 అని కాకుండా 2 అని పేరు పెట్టారు. అప్పటికే జనం పాతదాన్ని ఒకటో వెర్షన్ అనడం అలవాటు చేసుకున్నారు. అయినా చాలా వాలెట్లు ఇంకా సున్నా వెర్షన్‌నే తయారుచేస్తున్నాయి. నడుస్తున్న బండిని ఎవరు ఆపుతారు!

ఇదంతా బిట్‌కాయిన్ గొడవ అనుకునేవాళ్లు ఎథీరియం వైపు చూడాలి. 2024 జూలై 18న మన దేశపు ఎక్స్ఛేంజీ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన ఆస్తులు పోయాయి. అది చాలా సంతకాలు కావాల్సిన వాలెట్టే. తెరపై కనిపించిన దానికీ, నిజంగా సంతకం పడిన దానికీ తేడా ఉందని వజీర్‌ఎక్స్ చెప్పింది. కస్టడీ సేవలందించిన లిమినల్ తమ వ్యవస్థలో చొరబాటు జరగలేదంది. లక్షల మంది ఖాతాదారుల డబ్బు ఇరుక్కుపోయింది. 2025 ఫిబ్రవరి 21న బైబిట్ ఎక్స్ఛేంజీ నుంచి దాదాపు 150 కోట్ల డాలర్లు పోయినప్పుడు దారి ఇంకా స్పష్టంగా తెలిసింది. బైబిట్ వాడిన సేఫ్ వాలెట్ వెబ్ తెరలోకి చేరిన దొంగ కోడ్ సంతకందారులకు మామూలు బదిలీని చూపించి, కింద వేరే పని మీద సంతకాలు తీసుకుంది.

పీఎస్‌బీటీ లాంటిది ఉంటే ఇవి ఆగేవా? నేరుగా అలా అనలేం. బిట్‌కాయిన్ లావాదేవీ తన ఫలితాన్ని తానే చెబుతుంది, ఇంత డబ్బు ఇక్కడికి అని. ఎథీరియం కాంట్రాక్టుకు పంపే ఆదేశం అర్థం చైన్ మీదున్న ఆ కాంట్రాక్టు కోడ్‌ను బట్టి ఉంటుంది. ఆ కోడ్ చిన్న పరికరం చేతికి రాదు. 2017 నాటి ఎథీరియం ప్రతిపాదన ఈఐపీ 712 సంతకం చేసే సమాచారాన్ని గడులుగా విడగొట్టింది, ఆ గడులను మనిషికి అర్థమయ్యేలా చూపించడానికి హార్డ్‌వేర్ వాలెట్ కంపెనీ లెడ్జర్ ఈఆర్‌సీ 7730ను ప్రతిపాదించింది. ఇవి మంచి అడుగులే. కానీ గడి పేరు చదవడానికీ, ఆ ఆదేశం చివరికి ఏం చేస్తుందో తెలియడానికీ మధ్య దూరం ఇంకా మిగిలే ఉంది. బైబిట్‌లో డబ్బు పోయింది ఆ దూరంలోనే.

బిట్‌కాయిన్‌లోనూ ముందున్న పని తేలికేమీ కాదు. మ్యూసిగ్2 పద్ధతిలో అందరి కీలూ కలిసి ఒకే కీగా, అందరి సంతకాలూ కలిసి ఒకే సంతకంగా చైన్ మీద కనిపిస్తాయి. ఫీజు తగ్గుతుంది, గోప్యత పెరుగుతుంది. దానికి గడులను బిప్ 373 ఇచ్చింది. కానీ ఇక్కడ రెండు విడతలు కావాలి. మొదట ప్రతి ఒక్కరూ నాన్స్ అనే తాత్కాలిక సంఖ్య తాలూకు బహిరంగ భాగాన్ని పంచాలి, రెండో విడతలోనే సంతకం. ఆ సంఖ్య రహస్య భాగాన్ని రెండు వేర్వేరు లావాదేవీలకు వాడితే ప్రైవేట్ కీనే లెక్కగట్టి బయటికి తీయొచ్చు. పాత పీఎస్‌బీటీ సంతకందారుకు జ్ఞాపకం అక్కర్లేదు. అదే ఫైల్ పదిసార్లు ఇచ్చినా పదిసార్లు సంతకం పెట్టొచ్చు, ప్రమాదం లేదు. మ్యూసిగ్2లో పరికరం ఒక విడత నుంచి ఇంకో విడతకు గుర్తుపెట్టుకోవాలి, వాడాక తప్పక చెరిపేయాలి. ఫైల్‌ను మాత్రం ఎవరైనా ఎన్నిసార్లైనా ప్రతి తీయగలరు. అందుకే ఆ రహస్యాన్ని ఫైల్‌లో పెట్టుకునే వీలే లేదు. కలిపే నియమం కూడా ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. ఒకే కీకి రెండు విలువలు ఎదురైతే ఏదో ఒకటి తీసుకోమని బిప్ 174 అంటుంది. సంతకాల విషయంలో ఏది తీసుకున్నా ఫర్వాలేదు. నాన్స్ విషయంలో తప్పు విలువ పడితే అందరి సంతకాలూ వృథా.

సైలెంట్ పేమెంట్స్ అనే చెల్లింపు పద్ధతి ఇంకో మెట్టు పైకి వెళ్లింది. బిప్ 352 ప్రకారం డబ్బు అందుకునేవాడి అవుట్‌పుట్ స్క్రిప్ట్, పంపేవాళ్ల ఇన్‌పుట్ కీలను బట్టి తయారవుతుంది. ఇన్‌పుట్లు ముగ్గురివైతే ముగ్గురూ తమ వంతు లెక్క వేసి ఇచ్చేదాకా డబ్బు ఏ అడ్రసుకు వెళ్తుందో ఎవరికీ తెలియదు. స్క్రిప్ట్ లేని అవుట్‌పుట్‌తో మొదలవ్వాలి కాబట్టి సున్నా వెర్షన్‌లో ఇది కుదరదు, రెండో వెర్షన్ ఉండాల్సిందే. వాళ్లలో ఒకరు తప్పు లెక్క ఇస్తే డబ్బు ఎవరూ తీసుకోలేని అడ్రసుకు వెళ్లిపోతుంది. అందుకే బిప్ 375 ప్రతి సంతకందారూ తన వంతు లెక్కతోపాటు అది సరైందేనన్న గణిత రుజువు కూడా ఫైల్‌లో పెట్టాలంటుంది. ఆ రుజువు పద్ధతి బిప్ 374లో ఉంది. మిగతావాళ్ల రుజువులను సరిచూడకుండా ఏ పరికరమూ సంతకం పెట్టకూడదు. రెండో వెర్షన్‌కు మారడాన్ని ఇంకా వాయిదా వేస్తున్న వాలెట్ తయారీదారులు ఈ ఒక్క కారణం చూసైనా ఇప్పుడే మారాలి. ఈ రుజువులను సరిచూసే కోడ్‌ను చిన్న చిప్‌లో ఇమిడ్చి, బయటివాళ్లతో తనిఖీ చేయించుకోవడానికి వాళ్లకు ఎలాగూ చాలా సమయం పడుతుంది.